సిరా మేస్త్రీ కట్టిన రెండు కాగితాలు

ఆయన్ని సిరా మేస్త్రీ అని పిలవడం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. చేసేదేమో కుళాయిల పని, పేరేమో బడిపంతులుకి పెట్టినట్టుంటుంది. దానికంతటికీ కారణం ఆయన చొక్కా జేబులోని ఇంకు పెన్ను. బాల్ పెన్నులు వచ్చి ఇన్నేళ్ళయినా ఆయన దాన్ని వదల్లేదు. అందులో పోసేది కూడా తడి తగిలితే ఇట్టే అలుక్కుపోయే చవకరకం నీలం సిరా. పైపుకి జాయింటు వేశాక పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బెత్తెడు కాగితం ముక్క మీద ఆ రోజు తేదీ రాసి, జాయింటు చుట్టూ చుట్టి దారంతో కట్టేవాడు. చుక్క నీరు కారినా, కారి మళ్ళీ ఆరిపోయినా ఆ అంకెలు అలుక్కుపోతాయి. అప్పుడు తప్పు ఆయనది. అంకెలు నిక్షేపంగా ఉన్నాయా, తప్పు ఇంకెక్కడో ఉంది, వెతుక్కోండి. అంతే. ఇక వాదనలు లేవు, బతిమాలుకోవడాలు లేవు.

ఇరవై ఆరేళ్ళలో ఆ సిరా అలుక్కుపోయింది రెండే రెండుసార్లు. ఒకసారి ఓ డాక్టరుగారింట్లో, ఒకసారి ఓ హోటల్లో. రెండుసార్లూ ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే "తప్పు నాదేనండీ" అనేసి, పని మళ్ళీ చేసిచ్చి, ఆ తడిసిన ముక్కలు ఇంటికి తెచ్చి గోడ మీది అద్దం వెనక పెట్టుకున్నాడు. "లోకంలో అందరూ అద్దం వెనక డబ్బు దాచుకుంటే మా ఆయన తప్పులు దాచుకుంటాడు" అని వాళ్ళావిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి పడీపడీ నవ్వేది. ఆయనకి ఆస్తి లేదు, చెప్పుకోదగ్గ చదువు లేదు, నలుగురిలో గట్టిగా మాట్లాడే నోరు అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే. ఆయన వేసిన జాయింటు కారదని జనం అనుకునే మాట.

సొంత తమ్ముడికి ఫ్రిజ్‌ల షాపు ఉంది. ఆ షాపు తలుపు తెరిచిన రోజు నుంచీ ఫిట్టింగు పని ఈయనదే. తలుపులోంచి గ్లాసులోకి ఐసుముక్కలు గలగలా రాలే ఫ్రిజ్‌లు వచ్చాక ఈయనకి ఊపిరాడనంత పని వచ్చిపడింది. అసలు అలాంటి ఫ్రిజ్‌కి నీళ్ళు కావాలన్న సంగతే కొనేవాళ్ళలో సగం మందికి తెలియదు. ఇంటికి తెచ్చి, ప్లగ్గు పెట్టి, గ్లాసు పట్టుకుని దాని ముందు నించుంటారు. ఐసు ఎక్కణ్ణుంచి వస్తుంది, వాళ్ళ తాత పంపిస్తాడా? ఈయన వెళ్ళి సింకు కింద చన్నీళ్ళ పైపు కోసి, మధ్యలో మూడు మూతుల టీ ముక్క వేసి, దానికో చిన్న వాల్వు బిగించి, అక్కణ్ణుంచి చిటికెన వేలంత సన్నటి తెల్ల గొట్టాన్ని ఫ్రిజ్ వీపు దాకా తీసుకెళ్ళేవాడు. ఫ్రిజ్‌ని ఎప్పుడైనా ముందుకి లాగాల్సి వస్తుందని గొట్టాన్ని వెనకాల రెండు చుట్లు చుట్టి వదిలేవాడు. ఆ చుట్లు నలక్కుండా గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య బెత్తెడు జాగా ఉంచేవాడు. సింకు కింద ఒకటి, ఫ్రిజ్ వెనక ఒకటి, రెండు కాగితాలు కట్టేవాడు. పూట పట్టేది.

ఊళ్ళో మిగతా ఫిట్టర్లకి అంత ఓపిక ఎక్కడిది? సూది క్లాంపులు వచ్చాయి కదా. పైపు కోసే పని లేకుండా దానికో పట్టీ తగిలించి మర తిప్పితే లోపలి సూది పైపుకి కన్నం పెట్టేస్తుంది. పదినిమిషాల్లో పని అయిపోతుంది. "పైపుకి ఇంజక్షన్ చేసి వచ్చేస్తారు వీళ్ళు. రోగం మాత్రం ఇంట్లోవాళ్ళకి" అని ఈయన సణిగేవాడు. తమ్ముడు మాత్రం అప్పట్లో అన్నగారి నిదానాన్నే అమ్ముకున్నాడు. షాపు అద్దం తలుపు మీద పెద్దపెద్ద నీలం అక్షరాలతో "మా పనికి సిరాయే సాక్షి" అని రాయించాడు. వచ్చినవాళ్ళకి "మా అన్నయ్య కాగితం కట్టాడంటే ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చండీ" అని అన్నగారి భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పేవాడు. అలాంటప్పుడు మేస్త్రీ మొహం చూడాలి. సిగ్గుతో ముడుచుకుపోయి స్పానర్లు సర్దుకుంటున్నట్టు నటించేవాడు.

అలాంటి తమ్ముడే ఒక మంగళవారం పొద్దున షాపు తెరిచిన కాసేపటికి, పనికోసం వచ్చిన ఇద్దరు బయటి ఫిట్టర్లూ ఓ కొనుగోలుదారూ వింటుండగా అన్నాడు.

"అన్నయ్యా, మా అత్తగారింట్లో నీళ్ళు కారాయి. వంటింట్లో చెక్క నేలంతా ఉబ్బి లేచిపోయింది. కింద ఫ్లాటువాళ్ళ సీలింగంతా మరక. వాళ్ళు ఇంటిమీదకొచ్చి గొడవ పెట్టుకున్నారు. నీ జాయింటే."

మేస్త్రీ చేతిలోని సంచీ కింద పెట్టాడు. ఆ ఫ్రిజ్ పెట్టి నెలన్నర కూడా కాలేదు. తమ్ముడి అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రోజుకి రెండుసార్లు ఐసు పెట్టుకోమని డాక్టరు చెబితే, వంగి ట్రేలు తీయలేనని ఆవిడ ముచ్చటపడి కొనిపించుకున్న ఫ్రిజ్ అది. సొంతవాళ్ళ ఇల్లని ఇంకాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేశాడు.

"కాగితం చూశావా?" అన్నాడు.

"చూశాను. తడిసిపోయింది."

"అంకెలు?"

"అలుక్కుపోయాయి అన్నయ్యా. ఎన్నిసార్లు అడుగుతావు?" తమ్ముడు బల్ల మీది బిల్లు పుస్తకంలోకి చూస్తూ అన్నాడు. "ఆ బొటనవేలు మొద్దుబారుతోందని నువ్వే చెప్పావుగా. గట్టిగా బిగించి ఉండవు."

తమ్ముడి పక్క కుర్చీలో అతని బావమరిది, ఆ అత్తగారి కొడుకే, కూర్చుని ఉన్నాడు. తమ్ముడితో కలిసి రెండో షాపు తెరవబోతున్న మనిషి. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, "పోనీలే బావా, పెద్దాయన. ఇంకేం అనకు" అన్నాడు, ఎంతో పెద్దమనసుతో.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఆ వేలి సంగతి ఆయన ఇద్దరికే చెప్పాడు, వాళ్ళావిడకీ తమ్ముడికీ. పొద్దునపూట కుడి బొటనవేలు కాసేపు తనది కానట్టుంటుందని, ఎవరితో అనొద్దని చెప్పాడు. ఇప్పుడు ఫిట్టర్లిద్దరూ ఆయన చేతివంకే చూస్తున్నారు. ఆయన ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టేసుకున్నాడు.

"నేను వెళ్ళి చూసి, బాగుచేసి వస్తాను" అన్నాడు.

"వద్దొద్దు. వాళ్ళు మండిపడుతున్నారు. వాల్వు కట్టేసి వచ్చాను. మిగతాది నేను చూసుకుంటాలే."

ఈ మాటకి ఆయన కళ్ళు చెమర్చాయి. ఎందుకనుకున్నారు? తన పరువు కాపాడటానికే తమ్ముడు అన్నీ నెత్తినేసుకుంటున్నాడని! మనిషి అంత పిచ్చిమాలోకం మరి.

ఆ వారంలోనే తమ్ముడు పురమాయించిన ఒకడు బ్లేడు పెట్టి తలుపు మీది నీలం అక్షరాలు గీకేశాడు. గీకడం కూడా సరిగా రాని వెధవ, చివరి "క్షి"ని సగంలో వదిలేశాడు. ఫిట్టింగులన్నీ సూది క్లాంపులవాళ్ళకి వెళ్ళిపోయాయి. మేస్త్రీని గోడౌన్లో అట్టపెట్టెల మీద చీటీలు అంటించే పనిలో పెట్టారు. "నీకూ కాస్త విశ్రాంతి" అన్నాడు తమ్ముడు. ఆయన సరేనన్నాడు. చీటీలు కూడా అంచులు సమంగా చూసి అంటించాడు.

ఇంట్లో మాత్రం నిలవలేకపోయాడు. తన ఇంటి కుళాయిలన్నీ విప్పి, మళ్ళీ బిగించి, ప్రతిదానికీ కాగితం కట్టి, పొద్దునా సాయంత్రం వాటిముందు గొంతుక్కూర్చుని చూసేవాడు.

"ఇదేం ఖర్మండీ! కొంపలో కుళాయిలన్నిటికీ కట్లు కట్టారు. ఇల్లా, ఆసుపత్రా?" అంది వాళ్ళావిడ.

"ఒక్కటీ తడవలేదే" అన్నాడు.

"తడవదు. మీ చెయ్యి బాగానే ఉంది. మీ తమ్ముడే ఏదో పొరబడి ఉంటాడు."

"వాడు కళ్ళారా చూశానన్నాడు. వాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?"

ఆవిడ ఏదో అనబోయి నోరు నొక్కుకుంది. మరిది గురించి ఈయన దగ్గర ఒక్క మాట అన్నా పూటంతా అన్నం ముట్టడని ఆవిడకి అనుభవం. అలా పదిరోజులు గడిచాయి. ఆ పదిరోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన పెరటి గట్టు మీద కూర్చుని, అరచేతులు రెండూ తెరిచి చూసుకుంటూ నిశ్శబ్దంగా ఏడవడం కిటికీలోంచి ఆవిడ చూసింది. చూసి లోపలికి వచ్చేసింది. తనూ ఏడ్చింది.

పదకొండో రోజు ఆయన ఇక ఉండబట్టలేకపోయాడు. తప్పు చేసినవాడు మొహం చాటేసి తిరగడం ఏమిటి? పెన్నులో సిరా నింపుకున్నాడు. సంచీలో కొత్త గొట్టం, స్పానర్లు వేసుకున్నాడు. గోడౌనుకి వెళ్ళకుండా, తమ్ముడికి చెప్పకుండా, సరాసరి వాళ్ళ అత్తగారి ఫ్లాటుకి వెళ్ళి బెల్లు కొట్టాడు.

ఆవిడే కర్ర ఊతంతో వచ్చి తలుపు తీసింది. ఆయన గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"అత్తయ్యగారూ, తప్పు నాదే. మీ నేల పాడుచేశాను, కిందివాళ్ళతో మాట పడేలా చేశాను. క్షమించండి. చెక్కలు తెప్పిస్తే నేల కూడా నా చేతుల్తో నేనే వేసిస్తాను."

"అయ్యయ్యో, అవేం మాటలు బాబూ! లోపలికి రా" అంది ఆవిడ. కోపంతో మండిపడుతున్న మనిషి లక్షణాలేవీ ఆవిడలో కనపడలేదు. "మా అల్లుడు రేపు మాపు అంటున్నాడు, ఎవరూ రాలేదు. ఐసు లేక ఈ మోకాళ్ళతో చచ్చిపోతున్నాను. నువ్వు రావడమే పదివేలు. ఉండు, నువ్వు వచ్చావని అతనికో మాట చెప్తాను" అని ఫోను అందుకుంది.

ఆయన ముందు సింకు కింద తలుపు తీసి, వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు. టీ ముక్క చుట్టూ తను కట్టిన కాగితం తను కట్టినట్టే ఉంది. అంకెలు మిలమిలలాడుతున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒక్క అంకె చెదరలేదు. అయితే ఫ్రిజ్ వెనకదే తడిసి ఉంటుందనుకుని లేచాడు.

ఫ్రిజ్‌ని లాగబోతే అది కదల్లేదు. తను వదిలిన బెత్తెడు జాగా లేదు. గోడకి అతుక్కుపోయి ఉంది.

"ఇది లోపలికి ఎవరు నెట్టారండీ?"

"మా అబ్బాయే బాబూ. నువ్వు వెళ్ళిన మర్నాడు, అల్మారాల వరసలోంచి బయటికి పొడుచుకొచ్చి అసహ్యంగా ఉందని భుజం పెట్టి నెట్టేశాడు. ఇప్పుడు చూడు, సమానంగా ఎంత చక్కగా ఉందో!"

మేస్త్రీ ఫ్రిజ్‌ని అటోసారి ఇటోసారి జరుపుకుంటూ ముందుకి తెచ్చాడు. వెనక రెండో కాగితం. పొడిగా, పెళపెళలాడుతూ ఉంది. దానికి మూరెడు కింద, తను వదిలిన రెండు చుట్లూ గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య పడి నలిగి, గొట్టం ఒకచోట మడతపడి ఉంది. మడత మీద సన్నటి చీలిక. నీళ్ళన్నీ అక్కణ్ణుంచే పోయాయి. జాయింటుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ముందు ఆయనకి కోపం రాలేదు. పట్టరాని సంతోషం వచ్చింది. తన చెయ్యి తనదే! బొటనవేలు తనదే! పాపం తమ్ముడు హడావిడిలో, ఈ ఇరుకులో సరిగా చూసుకోలేదు కాబోలు. వెళ్ళి చూపిస్తే వాడూ ఎంత సంతోషిస్తాడో అనుకున్నాడు.

"మీ తమ్ముడూ అచ్చం ఇలాగే వంగి చూశాడు" అంది ఆవిడ వెనకనుంచి. "సెల్లు లైటు వేసుకుని ఈ కాగితమూ చూశాడు, సింకు కిందదీ చూశాడు. ఫొటోలు కూడా తీసుకున్నాడు. తర్వాత మావాణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడాడు. ఎందుకు బాబూ, కాగితాల్లో ఏమైనా తేడా ఉందా?"

మేస్త్రీ చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. ఆయన నోరు తెరిచాడు. అంతలో తలుపు తోసుకుని తమ్ముడు వచ్చిపడ్డాడు. షాపు రెండు వీధుల అవతలే. పరిగెత్తుకుంటూ వచ్చాడేమో, ఒళ్ళంతా చెమట.

"అన్నయ్యా, ఒక్క నిమిషం. ఇలా రా" అని చెయ్యి పట్టి బాల్కనీలోకి లాక్కెళ్ళి తలుపు వేశాడు. ఆరేసిన దుప్పట్ల మధ్య ఇద్దరూ నించున్నారు.

"అలుక్కుపోయిందన్నావు" అన్నాడు మేస్త్రీ.

తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నా మొహం చూసి చెప్పరా. అలుక్కుపోయిందన్నావా, లేదా?"

"అన్నాను. ఏం చెయ్యమంటావు మరి? కొత్త షాపు వాడితో కలిసి తీస్తున్నాను. ఇంకా సంతకాలు కాలేదు. నీవల్లే మీ అమ్మ నేల పోయింది, నువ్వే కిందివాళ్ళకి సమాధానం చెప్పుకో అంటే వాడు నా మొహం చూస్తాడా? ఎవరో ఒకరి మీద పెట్టక తప్పలేదు."

"దానికి నేనే దొరికానా?"

"బయటివాడి మీద పెడితే ఊరుకుంటాడా అన్నయ్యా? రచ్చరచ్చ చేసి షాపు పరువు తీస్తాడు. నువ్వైతే పడతావు కదా."

ఇంతకాలం అన్నగారి చేతిపని మీద తిన్న మనిషి ఈ మాట అనడానికి క్షణం కూడా తడుముకోలేదు. పైగా అదేదో పొగడ్త అయినట్టు అన్నాడు.

"నా వేలి సంగతి నలుగురిలో ఎందుకు చెప్పావు?"

"ఏదో ఒక కారణం చెప్పాలిగా."

"పదిరోజులు నా చేతుల్ని నేనే నమ్మలేదురా" అన్నాడు మేస్త్రీ. "ఇంట్లో కుళాయి తిప్పాలన్నా భయపడ్డాను. నువ్వు నన్ను కాపాడుతున్నావనుకుని నీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను."

"తప్పే అన్నయ్యా. కానీ ఇప్పుడు అత్తయ్యతో ఏమీ అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

చిన్నప్పుడు ఇంట్లో ఏది పగలగొట్టినా వాడు పరిగెత్తుకొచ్చి అన్నగారి వెనకే దాక్కునేవాడు. దెబ్బలు ఈయన తినేవాడు. బుగ్గమీసాలు నెరిసిన ఆ మనిషి ఇప్పుడూ అదే మొహం పెట్టుకుని నించున్నాడు. మేస్త్రీ ఆ మొహంవంక కాసేపు చూసి, దుప్పటి పక్కకి తప్పించి లోపలికి వచ్చాడు.

పాత గొట్టం తీసి కొత్తది వేశాడు. కాగితాలు రెండూ జాగ్రత్తగా విప్పి జేబులో పెట్టుకున్నాడు. వాల్వు తిప్పి, నీళ్ళు ఎక్కే చప్పుడు విని, రెండు జాయింట్లనీ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఫ్రిజ్‌ని వెనక్కి జరిపి, బెత్తెడు ముందే ఆపేశాడు.

"ఐసు పడటానికి పూట పడుతుందండీ. సాయంత్రానికి మీ మోకాళ్ళకి అందుతుంది."

"సంతోషం బాబూ. కానీ మళ్ళీ బయటికి పొడుచుకొచ్చిందే! మావాడు చూస్తే మళ్ళీ నెట్టేస్తాడేమో."

"నెట్టనివ్వకండి."

"ఏం, నెడితే ఏమవుతుంది?"

బాల్కనీ గుమ్మంలో తమ్ముడు నించుని వింటున్నాడు. చెప్పేయొచ్చు. ఒక్క మాట. ఎదురుగా నలిగిన గొట్టం ఉంది, జేబులో పొడి కాగితాలున్నాయి, ఎదుట మంచి మనిషి ఉంది. ఇరవై ఆరేళ్ళ పేరు ఆ ఒక్క మాటతో తిరిగి వచ్చేస్తుంది. నోరు లేదా ఈయనకి? చెప్పడేం?

"నెడితే నా జాయింటు తట్టుకోదండీ" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ జాలిగా చూసింది. "పోనీలే బాబూ. వయసు మీద పడ్డాక ఎవరికైనా చెయ్యి జారుతుంది. మనసులో పెట్టుకోకు."

"అవునండీ" అన్నాడు.

సంచీ సర్దుకుని లేస్తుంటే ఆవిడే అడిగింది. "ఈసారి కాగితం కట్టవా?"

"ఇంకు అయిపోయిందండీ."

పొద్దున నింపిన పెన్ను జేబులో నిండుగా ఉంది. లిఫ్టు దాకా వచ్చిన తమ్ముడు "రేపు షాపుకి వస్తావుగా? మళ్ళీ నీకే ఫిట్టింగులు ఇస్తాను" అని చెబుతూనే ఉన్నాడు. ఆయన లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, జేబులోంచి రెండు కాగితాలూ తీసి అద్దం వెనక పెడుతుంటే వాళ్ళావిడ చూసింది. లాక్కుని వెలుగులో పెట్టి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"పొడిగా ఉన్నాయిగా! అంకెలు చెక్కుచెదరలేదు! నేను చెప్పలేదూ, తప్పు మీది కాదని? అక్కడ చెప్పారా లేదా? అయినా వీటినెందుకు ఆ తప్పులతో కలిపి పెడుతున్నారు?"

ఆయన ఆ రెండు ముక్కలూ ఆవిడ చేతిలోంచి తీసుకుని, పాత రెంటి పక్కనే దోపాడు.

"తప్పు నాదేనని ఒప్పుకుని వచ్చాను" అన్నాడు.

ఆ తర్వాత ఆ అద్దం సంగతి ఆవిడ ఎవరికీ చెప్పి నవ్వలేదు.